తప్పినవాళ్ల బ్యాచి

మందు రాయని డాక్టరమ్మ

మా బోధన్ చుట్టాలకు నేను ఇప్పటికీ అర్థం కాని మనిషిని. డాక్టరు చదివింది, జీవితమంతా ఉద్యోగం చేసింది, మోకాళ్ల నొప్పికి ఒక మాత్ర చెప్పమంటే మాత్రం ఎముకల డాక్టరు దగ్గరికి పొమ్మంటుంది. ఒక పెళ్లిలో మా మేనత్త పదిమంది ముందు తేల్చేసింది: "మా సుగుణ డాక్టరే గని, బాగున్నోళ్లకు డాక్టరు."

ఆమె వెటకారానికే అన్నది కాని, తప్పు మాత్రం అనలేదు. ఫిజియాలజీ అంటే అదే. జబ్బు లేని ఒంట్లో గుండె ఎలా కొట్టుకుంటుంది, ఊపిరి ఎలా ఆడుతుంది, తిన్న అన్నం ఎటు పోతుంది, దాహం ఎందుకు వేస్తుంది. ఎంబీబీఎస్ మొదటి సంవత్సరంలో పిల్లలకు ఇది చెప్పాలి. రోగులను చూడాలన్న ఉత్సాహంతో తెల్లకోటు వేసుకుని వచ్చినవాళ్లకు, ముందు బాగున్న మనిషిని చూడండర్రా అని చెప్పడం ఎంత కష్టమో ఈ ఉద్యోగంలో చేరితే మీకే తెలుస్తుంది.

నిజామాబాద్‌లో ఒక మెడికల్ కాలేజీలో ఈ పాఠం చెబుతూ రిటైరయ్యాను. ఇప్పుడు అదే ఊళ్లో కంఠేశ్వర్‌లో ఇంట్లోనే ఉంటున్నాను. కొత్తగా ఈ శాఖలో చేరిన పిల్లలు ఫోన్లు చేస్తుంటారు. వాళ్లు ఎక్కువగా అడిగేది ప్రమోషన్ల సంగతి. ఆ విషయంలో నా సలహా విన్నవాళ్లు ఎవరూ పైకి రాలేదు కాబట్టి అది వదిలేస్తాను. నాకు బాగా తెలిసిన పని ఒక్కటే, పరీక్ష తప్పినవాళ్లకు పాఠం మళ్లీ చెప్పడం. డిపార్ట్‌మెంటులో ఎవరూ అడిగి తీసుకోని పని అది. ఏటా అది నా దగ్గరికే వచ్చేది.

పసుపు పుస్తకాలు

ఫలితాలు వచ్చిన వారానికి తప్పినవాళ్లంతా తలలు వంచుకుని సెమినార్ గదిలోకి వచ్చేవారు. అందరి చేతుల్లో అదే లావు పుస్తకం. తెరిస్తే ముఖ్యమైన వాక్యాల మీద పసుపురంగు పెన్నుతో గీతలు. ఎక్కువమంది పుస్తకాల్లో ముఖ్యం కాని వాక్యమే ఉండేది కాదు. మా మార్కెట్ యార్డులో సీజన్‌లో పసుపు ఆరబోసినట్టు మొదటి పేజీ నుంచి చివరి పేజీ వరకు పసుపే.

వాళ్లు నన్ను మొదట అడిగేది ఒకటే. ముఖ్యమైన ప్రశ్నలు చెప్పండి మేడం. నేను చెప్పేదాన్ని కాదు. తెలియక కాదు, చెబితే అవి మాత్రమే చదివి మళ్లీ నా దగ్గరికే వస్తారని. తప్పినవాడికి మళ్లీ మొదటి అధ్యాయం నుంచి చదివించడం దండగ. మొదటి అధ్యాయం అందరికీ వస్తుంది. మొదలుపెట్టిన ప్రతిసారీ చదివేది దాన్నే కదా. కిడ్నీ దగ్గరికి వచ్చేసరికి పరీక్ష వచ్చేస్తుంది. ఈ దేశంలో కిడ్నీని పూర్తిగా చదివి పరీక్షకు వెళ్లిన విద్యార్థి ఎవరైనా ఉంటే నాకు చూడాలని ఉంది.

అందుకని నేను అధ్యాయాలు పక్కన పెట్టి ఒక మనిషిని తీసుకునేదాన్ని. మే నెల, మధ్యాహ్నం, బస్టాండు ముందు ఆటోలో కూర్చున్న డ్రైవరు. పొద్దున్నుంచి నీళ్లు తాగలేదు. ఇప్పుడే మిర్చీ బజ్జీలు తిన్నాడు. ఇంతలో వెనకనుంచి లారీ హారన్ కొట్టింది. చెప్పండి, ఇతని ఒంట్లో ఏమేం జరుగుతున్నాయి? చెమట దగ్గర మొదలుపెడితే గుండె, నరాలు, కిడ్నీ, పొట్ట అన్నీ వరసగా వచ్చేవి. మొదటి రోజు పిల్లలకు ఇది ఆటలా ఉండేది. మూడో రోజుకు, ఇది పరీక్షలో వస్తుందా మేడం అని అనుమానం మొదలయ్యేది.

భయం గురించిన ప్రశ్న

ఆ బ్యాచిల్లో ఒకదాంట్లో ప్రభుదాసు ఉండేవాడు. బోధన్ పక్క ఊరివాడు. వాళ్ల నాన్న చెరుకు పండించేవాడు, తర్వాత వరికి మారాడు. వాళ్లమ్మ చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద. ప్రభుదాసు తలుపుకు సరిపడా ఎత్తు. వాలీబాల్ కోర్టులో వాడి గొంతు హాస్టలు అవతలికి వినిపించేది. వైవాలో, అంటే ఎగ్జామినర్ల ముందు కూర్చుని నోటితో జవాబులు చెప్పే పరీక్షలో, ఆ గొంతు పూర్తిగా మాయమయ్యేది.

వాడు తప్పిన తీరు మా కాలేజీలో కథగా చెప్పుకునేవారు. మా హెడ్డు రావు సారు వాడిని అడిగిన ప్రశ్న, భయపడినప్పుడు శరీరంలో కలిగే మార్పులు ఏమిటని. ప్రభుదాసు నుదుటి మీద చెమట పట్టింది. పెదవులు ఎండిపోయాయి. చేతివేళ్లు వణికాయి. కంటిపాపలు పెద్దవయ్యాయి. చొక్కా మీదనుంచి గుండె కొట్టుకోవడం కనిపించింది. పుస్తకంలో ఉన్న మార్పుల్లో ఒక్కటి కూడా వదలకుండా వాడు ప్రదర్శించాడు. నోటితో మాత్రం ఒక్కటీ చెప్పలేదు. సారు కాసేపు చూసి, జవాబు రాలేదని రాసుకున్నారు.

నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది. కాని మొదటి సంవత్సరం పరీక్షకు ఇన్నిసార్లు మాత్రమే కూర్చోవచ్చని నిబంధన ఉంది. ప్రభుదాసుకు ఇదే ఆఖరి అవకాశం. ఈసారి కూడా తప్పితే సీటు పోతుంది, డాక్టరు చదువు అక్కడితో సరి. ఆ సంగతి వాడు నాతో చెప్పలేదు. వాడి పక్కన కూర్చునే నాజ్నీన్ చెప్పింది. నాజ్నీన్ వాళ్లది బోధన్‌లో ఎప్పటినుంచో బట్టల వ్యాపారం. ఆ అమ్మాయి తప్పిన కారణం సరిగ్గా వ్యతిరేకం. అడిగినదానికీ, అడగనిదానికీ జవాబు చెప్పేది. ఎక్కడ ఆపాలో తెలిసేది కాదు.

"గాడు ఇంటికి కూడ పోతలేడు మేడం," అన్నది. "వాళ్ల అమ్మీకి మొహం ఎట్ల సూపియ్యాలె అంటున్నడు."

రావు సారు

కొత్తవాళ్లు బాసుల గురించి నన్ను చాలా అడుగుతారు. రావు సారు లాంటివారు మీకూ తగులుతారు కాబట్టి చెబుతాను.

ఆయన స్వస్థలం బాల్కొండ వైపు. కాని డిపార్ట్‌మెంటులో ఇంగ్లిష్ తప్ప మాట్లాడేవారు కాదు. వేసవిలోనూ టై కట్టేవారు. పుస్తకంలో నిర్వచనం ఎలా ఉందో అలాగే చెప్పాలి, ఒక మాట అటూ ఇటూ అయితే ఒప్పుకునేవారు కాదు. ఎవరైనా "బీపీ పడిపోతుంది సార్" అంటే బల్ల కిందకు వంగి చూసి, ఎక్కడ పడిందని అడిగేవారు. పిల్లలకు ఆయనంటే హడల్. నాకూ ఆయనకూ పడేది కాదు. ఆటో డ్రైవరు పద్ధతి చూసి, ఈ డ్రైవరు ఎన్నో పేజీలో ఉన్నాడని స్టాఫ్ మీటింగులో అడిగారు. పేజీలో కాదు సార్, బస్టాండులో ఉన్నాడన్నాను. ఆ సాయంత్రం దాకా మేమిద్దరం మాట్లాడుకోలేదు.

అయినా న్యాయంగా చెప్పాలి. వదులుగా మాట్లాడేవాడు చాలాసార్లు వదులుగానే అర్థం చేసుకుని ఉంటాడు. ఆ సంగతి నాకు నేర్పింది ఆయనే. ఏ ఒత్తిడి, ఎక్కడ, దేనివల్ల తగ్గింది అని ఆయన తరిమి తరిమి అడిగితే, నాకు వచ్చనుకున్నవి ఎన్నో రావని తేలేది. ఆయన పొరపాటల్లా ఒక్కటే. జవాబు రానివాడికీ, నోరు రానివాడికీ తేడా చూసేవారు కాదు.

పెళ్లికొడుకు కోసం ప్రార్థన

ఒకరోజు రివిజన్‌లో రక్తప్రసరణ దగ్గర ఆగాం. మనిషి కదలకుండా చాలాసేపు నిలబడితే ఏమవుతుంది? అందరూ పుస్తకాలు తిప్పడం మొదలుపెట్టారు. పుస్తకాలు మూయించి, నిలబడి నిలబడి పడిపోయినవాళ్లను మీ కళ్లతో ఎవరైనా చూశారా అని అడిగాను. నాజ్నీన్ చెయ్యి అప్పటికే పైకి లేచి ఉంది. ఆమెను ఆపి, ప్రభుదాసు వైపు చూశాను.

వాడు వాళ్ల అన్న పెళ్లి సంగతి ఎత్తుకున్నాడు. ఎండాకాలం, చర్చి నిండా జనం, పెళ్లికొడుకు కొత్త కోటు వేసుకుని కదలకుండా నిలబడ్డాడు. పాస్టరుగారి ప్రార్థన మంచి పట్టులో ఉంది. ఉన్నట్టుండి పెళ్లికొడుకు తూలాడు. పెళ్లిలో కింద పడితే అపశకునమని తోడు పెళ్లికొడుకులిద్దరూ చెరో రెక్క పట్టుకుని నిలబెట్టారు. మనిషికి తెలివి వచ్చినట్టే వచ్చి మళ్లీ పోయింది. అది చూసి పాస్టరుగారు పెళ్లికొడుకు ఆరోగ్యం కోసం ప్రార్థన ఇంకా పొడిగించారు. ఎంత ప్రార్థిస్తే అంత తూలుతున్నాడు. చివరికి "ఆమెన్" అన్నాక కుర్చీలో కూలబడి, అక్కడినుంచి నేలమీదకు జారాడు. నేలమీద పడ్డాక తేరుకున్నాడు.

గదంతా నవ్వింది. ప్రభుదాసు కూడా నవ్వాడు. ఆ నవ్వులోనే అడిగాను, నిలబెడితే ఎందుకు తేరుకోలేదు, పడితే ఎందుకు తేరుకున్నాడని.

"నెత్తురంతా కాళ్లల్ల ఆగిపోయింది మేడం," అన్నాడు. "నడిస్తెనే పిక్కలు పిండి పైకి పంపుతయి. గాయన కదుల్తలేడు. గుండెకు వాపసు వచ్చేది తక్కువైతే, గుండె మెదడుకు ఏం పంపుతది? పండుకుంటే మెదడు, గుండె ఒక్క మట్టానికొస్తయి. గప్పుడు నెత్తురు అలకగ అందుతది."

ఇంత పొడుగు మాట వాడి నోట మేమెవరం వినలేదు. ఇదే వైవాలో చెప్పు అన్నాను. వెంటనే వాడి పెదవులు ఎండిపోయాయి.

పరీక్ష రోజు

సప్లిమెంటరీ ప్రాక్టికల్స్ ఎండలు ముదిరాక వచ్చాయి. ఎగ్జామినర్లం ముగ్గురం. రావు సారు, నేను, బయటి కాలేజీ నుంచి వచ్చిన ఒక ప్రొఫెసరు. ఆయన మెత్తని మనిషి, ప్రతి విద్యార్థినీ "భోంచేశావా నాయనా" అని అడిగి మొదలుపెట్టేవారు. ఆ రోజు ఏకాదశి. రావు సారు నీళ్లు కూడా ముట్టని ఉపవాసంలో ఉన్నారు. ఆ సంగతి మాకు తెలియదు. పొద్దున్నుంచి టై కట్టుకుని, విద్యార్థుల మధ్య నిలబడే ప్రశ్నలు అడుగుతున్నారు. కూర్చుని అడిగితే పరీక్ష సడలుతుందని ఆయన నమ్మకం.

భోజనాల తర్వాత కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగిపోయాయి. ప్రభుదాసు వంతు వచ్చింది. రావు సారు వాడి ఎదురుగా నిలబడి, బల్లమీద చేతులు ఆనించి, ఇంగ్లిష్‌లో మొదటి ప్రశ్న మొదలుపెట్టారు. ప్రశ్న సగంలో ఆగింది. ముఖం తెల్లగా పాలిపోయింది. మోకాళ్లు వంగి పక్కకు ఒరిగారు.

ప్రభుదాసు బల్ల దాటి దూకి, తల నేలకు తగలకుండా పట్టుకున్నాడు. మేమంతా పరుగెత్తాం. బయటి ప్రొఫెసరుగారూ అటెండరూ చెరో రెక్క పట్టి లేపబోయారు. నాజ్నీన్ అప్పటికే కుర్చీ ఎత్తుకుని వస్తోంది. లేపబోయినవాళ్లలో ఒకరు ప్రొఫెసరు, నేనూ డాక్టరునే. అయినా కళ్లముందు పెద్దమనిషి నేల మీద పడితే ముందు కుర్చీయే గుర్తొస్తుంది.

"లేపొద్దు," అన్నాడు ప్రభుదాసు. అది వాలీబాల్ కోర్టు గొంతు. "కూసోబెట్టొద్దు. గట్లనే పండనియ్యిండ్రి."

అందరం ఆగిపోయాం. వాడు సారును వెల్లకిలా పడుకోబెట్టి, టై వదులు చేసి, రెండు కాళ్లూ ఎత్తి తన భుజం మీద పెట్టుకుని కూర్చున్నాడు. నేను నాడి చూశాను. నెమ్మదిగా ఉంది, కాని ఉంది. ఫిజీషియన్‌కు కబురు పంపాను. కాసేపటికి నాడి చేతికి నిండుగా తగిలింది. రావు సారు కళ్లు తెరిచారు. తన బూట్లు ఒక విద్యార్థి భుజం మీద ఉండడం చూశారు.

"కాళ్లు ఎందుకు లేపినవ్ రా?" అన్నారు.

మా డిపార్ట్‌మెంటులో సారు నోట మేము విన్న మొదటి తెలుగు వాక్యం అది. బాల్కొండ యాసలో, స్పష్టంగా.

"నెత్తురు వాపసు రావాలె సార్."

"ఎక్కడికి?"

"గుండెకు. కాళ్ల నరాలల్ల ఆగింది."

"నరాలా, సిరలా?"

"సిరలు సార్," అని దిద్దుకున్నాడు ప్రభుదాసు.

నేల మీద పడుకుని కూడా ఆయన మాట వదులు కానివ్వలేదు.

ఫిజీషియన్ వచ్చి చూసి, సారును అడిగి ఏకాదశి సంగతి రాబట్టి, ఈసీజీ తీయించి, గుండెకేం కాలేదు, ఉపవాసం, ఎండ, నిలబడడం మూడూ కలిసి చేసిన పని అని తేల్చి, ఇంకాసేపు పడుకోవాలని చెప్పి వెళ్లాడు. సారును ప్రాక్టికల్ గదిలోని మంచం మీదకు చేర్చాం. బయటి ప్రొఫెసరుగారు, ఈ కుర్రాడికి మంచి మార్కులు వేసి పరీక్ష ముగిద్దామన్నారు. రావు సారు మంచం మీదనుంచే ఒప్పుకోలేదు. తనను పడుకోబెట్టినందుకు మార్కులు లేవన్నారు. వైవా ఇంకా మొదలే కాలేదన్నారు. లేచి కూర్చోబోయారు.

"సార్, మీరు లేవొద్దు. పండుకునే అడుగుండ్రి," అన్నాడు ప్రభుదాసు.

ఒక విద్యార్థి రావు సారుకు ఆజ్ఞ ఇవ్వడం, ఆయన దాన్ని పాటించడం నేను కళ్లారా చూశాను. ఆయన మళ్లీ వెనక్కి వాలారు. పైకప్పు చూస్తూ, ఇంగ్లిష్‌లో, ఏదో నిర్వచనం అడిగారు. ప్రభుదాసు నోరు తెరిచాడు, మూశాడు. చెమట మొదలైంది. ఇంటికి పోకుండా వాడు హాస్టల్లోనే గడిపిన సెలవులన్నీ నాకు గుర్తొచ్చాయి. బయటి ప్రొఫెసరుగారు నా వైపు జాలిగా చూశారు. నేను కిటికీ వైపు చూశాను.

అంతలో రావు సారు పెదవులు తడుపుకున్నారు. "దూపైతున్నది," అన్నారు. అది ప్రశ్న కాదు. నిజంగానే దాహం వేసింది.

"అయితది సార్," అన్నాడు ప్రభుదాసు. వాడు వైవా సంగతి మరచిపోయి, మంచం మీది మనిషిని చూస్తున్నాడు. "పొద్దుగాలటి సంది నీళ్లు లేవు. చెమట పోయింది. నెత్తురు చిక్కబడ్డది. మెదడుల దాన్ని కనిపెట్టే కణాలుంటయి, గవే దూప పుట్టిస్తయి."

రావు సారు తల తిప్పి వాడిని చూశారు. మళ్లీ పైకప్పు చూస్తూ, ఈసారి తెలుగులోనే అడిగారు.

"మరి నా కిడ్నీలు ఇప్పుడేం చేస్తున్నయి?"

"నీళ్లు పోనిస్తలేవు సార్. మీకు పొద్దటి సంది మూత్రం తక్కువొచ్చి ఉంటది, పచ్చగ వచ్చి ఉంటది."

"వచ్చింది. ఎవరు చెప్పిండ్రు కిడ్నీలకు?"

ప్రభుదాసు హార్మోను పేరు చెప్పాడు. అది ఎక్కడ తయారవుతుంది, ఎక్కడినుంచి విడుదలవుతుంది, కిడ్నీలో ఏ గొట్టం మీద పనిచేస్తుంది, వరసగా చెప్పాడు. సారు ఒక్కొక్క మాటా పట్టుకుని లాగారు. వాడు రెండుచోట్ల తప్పు చెప్పాడు, ఒకచోట దిద్దుకున్నాడు. బయటి ప్రొఫెసరుగారు కుర్చీ దగ్గరికి జరుపుకుని తనూ అడిగారు. మధ్యలో వాడే గ్లాసు అందించి, చిన్నచిన్నగా తాగమన్నాడు. సారు ఏకాదశి సంగతి ఎత్తకుండా తాగారు.

ప్రభుదాసు పాసయ్యాడు. గొప్ప మార్కులేమీ కావు. దిద్దుకున్నదానితో సహా ఆ రెండు తప్పులకూ సారు ఖచ్చితంగా కోశారు. ఫలితం చూసుకున్న రోజు వాడు బస్సెక్కి బోధన్ వెళ్లాడు. వారం తర్వాత వాళ్లమ్మ కాలేజీకి వచ్చి, నాకు దండం పెట్టి, నేరుగా రావు సారు గదికి పోయింది. థాంక్స్ చెప్పడానికి కాదు. ఉపవాసం ఉంటే ఉండు గని నీడపట్టున కూసో బాపు అని గట్టిగా చెప్పి రావడానికి.

తర్వాత

మీరు అడగబోయేది నాకు తెలుసు. రావు సారు మారారా? పెద్దగా ఏమీ లేదు. నిర్వచనాలు అడగడం మానలేదు, టై మానలేదు. కాని గొంతు రాని విద్యార్థి ఎదురుగా కూర్చుంటే, పుస్తకం పక్కన పెట్టి, "నీకు పొద్దున ఆకలైందా?" అని మొదలుపెట్టడం నేను చాలాసార్లు విన్నాను. కూర్చునే అడిగేవారు. ఆ మేరకు నేను గెలిచాననుకుంటున్నాను. ఆయనను అడిగితే ఒప్పుకునేవారు కారు.

మీ దగ్గరికీ ప్రభుదాసులు వస్తారు. వాళ్లకు ఇంకో పుస్తకం చెప్పకండి. ఒక మనిషిని చూపించండి. వాళ్లింటి మనిషైతే ఇంకా మంచిది. అలాగని మాటను వదులుగా వదిలేయకండి. నరాలా, సిరలా అని అడగండి.

మరుసటి ఏడు తప్పినవాళ్ల బ్యాచికి సాయం చేయమని ప్రభుదాసును పిలిచాను. అప్పటికి వాడు రెండో సంవత్సరం. భోజనం తర్వాతి క్లాసు, పిల్లలంతా మత్తులో ఉన్నారు. ఊపిరి గురించి చెబుతుంటే ముందు బెంచీ అమ్మాయి, మనిషికి ఆవులింత ఎందుకు వస్తుంది, ఒకరిని చూసి ఇంకొకరికి ఎందుకు వస్తుందని అడిగింది. నేను ఏదో ఒకటి చెప్పడానికి సిద్ధమవుతున్నాను. అధ్యాపకులం అందరం అదే చేస్తాం. ప్రభుదాసు మాత్రం తల గోక్కున్నాడు.

"నాకు తెల్వది," అన్నాడు.

సరిగ్గా అప్పుడే రావు సారు తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. పిల్లలు బిగుసుకుపోయారు. ఆయన లోపలికి వచ్చి, ప్రశ్న మళ్లీ చెప్పించుకుని, చాలాసేపు ఆలోచించారు. ఆవులింతకు నిర్వచనం చెబుతారేమోనని నేను చూస్తున్నాను.

"సరిగ్గా ఎవరికీ తెల్వది," అన్నారు. "నాక్కూడ తెల్వది. కూసొని ఆలోచిద్దాం." కుర్చీ లాక్కుని పిల్లల పక్కనే కూర్చున్నారు.

కూర్చున్నాక ఆయనకే ఆవులింత వచ్చింది. చెయ్యి అడ్డం పెట్టుకుని ఆపుకోవాలని చూశారు, ఆగలేదు. ముందు బెంచీ అమ్మాయి ఆవులించింది, ఆమె వెనకవాడు, వాడి పక్కవాడు. ప్రభుదాసు నల్లబల్ల వైపు తిరిగి ఆవులించాడు. నేను కూడా.